టేకు తలుపులకి రంగు: వంటింటి అలమర డైరీ

మొదటి శనివారం, ఆషాఢం

“టేకుకి రంగేమిటమ్మాయ్, విన్నవాళ్ళు నవ్విపోతారు” అన్నారు అత్తయ్యగారు. నేను విననట్టు స్క్రూడ్రైవర్ కోసం సొరుగు కెలుకుతున్నాను. ఆవిడ మాటలో న్యాయం లేదని కాదు. మా వైపు టేకు తలుపంటే ఇంటికొచ్చినవాళ్ళకి చెయ్యివేసి చూపించుకునే వస్తువు. దానికి రంగు పూయడమంటే పట్టుచీర మీద నైటీ తొడుక్కున్నట్టే.

కానీ ఆ వంటింట్లో రోజుకి మూడుసార్లు నిలబడేది నేను. కాకినాడలో మా ఇల్లు కట్టి 40 ఏళ్ళు కావస్తోంది. వంటింటికి ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడకేసి చూస్తుంది. కిటికీకి ఎదురుగా గోడ అలమర. ఐదున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు. రెండు తలుపులు, ఒక్కోదానికి పైనొకటి కిందొకటి పలకలు. ఎప్పుడో చేయించిన వార్నీషు ఏటికేడు నల్లబడి ఇప్పుడు మాడిన బెల్లప్పాకం రంగుకొచ్చింది. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వెయ్యకపోతే కందిపప్పు డబ్బా ఏదో పెసరపప్పు డబ్బా ఏదో తెలీదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎడమ తలుపు కింది పలకని నాలుగేళ్ళ క్రితం చెద తినేసింది. టేకుకి చెద పట్టదంటారు. పట్టనిది చేవకి, అంటే మాను నడిమి ముదురు చెక్కకి. ఆ పలకలో సగం చేవ లేని తెల్లచెక్క, పైగా వెనక గోడ చెమ్మ. అప్పుడు వచ్చిన వడ్రంగి అక్కడ ప్లైవుడ్ ముక్క బిగించి, తేడా తెలీకుండా దానికి ముదురు వార్నీషు కొట్టాడు. తేడా ఇంకా బాగా తెలిసింది. మళ్ళీ పాలిష్ పెట్టించినా ఆ ముక్క వేరే కులంలాగే మిగిలిపోతుంది. కొత్త టేకు పలక వేయిస్తే దాని రంగు వేరు, పాతదాని రంగు వేరు.

చివరికి రాజీ కుదిరింది. బయటివైపు రంగు నా ఇష్టం. తలుపుల లోపలివైపు టేకు టేకులాగే ఉంటుంది, దాన్ని ముట్టుకోకూడదు. గడువు వరలక్ష్మీ వ్రతం. ఆ రోజుకి అలమర సర్దేసి ఉండాలి.

ఆదివారం

తలుపులు విప్పడానికే గంటన్నర పట్టింది. ఇత్తడి బందుల మీద కూడా వార్నీషు కొట్టేశారు, స్క్రూల గాడి పూడుకుపోయింది. గాడిలో పాత బ్లేడు మొనతో గీకి, స్క్రూడ్రైవర్ పెట్టి వెనకనుంచి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే కదిలాయి. ఏ బందు ఏ తలుపుదో, చెక్కలో బందు కూర్చునే గాడిలోనే పెన్సిల్‌తో రాసిపెట్టాను. స్క్రూలు నాలుగు కవర్లలో. ఇది అతి అనిపిస్తుంది గానీ 40 ఏళ్ళు ఒకే చోట తిరిగిన బందు ఇంకో చోట సరిగ్గా కూర్చోదు.

వసారాలో రెండు స్టూళ్ళ మీద తలుపు పడుకోబెట్టి కడగడం మొదలుపెట్టాను. అరబకెట్టు వేడినీళ్ళలో రెండు గరిటెల చాకలి సోడా, గ్లవ్స్, ఆకుపచ్చ స్క్రబ్బరు. పోపు పొగ, వేపుడు నూనె, చేతి జిడ్డు, అన్నీ కలిసి వార్నీషు మీద ఇంకో వార్నీషులా గట్టిపడి ఉన్నాయి. మొదటి బకెట్టు నీళ్ళు ఫిల్టర్ కాఫీ డికాషన్‌లా దిగాయి. హ్యాండిల్ చుట్టూ అయితే వేలితో గీస్తే మైనంలా చుట్టుకుని లేచింది. రెండోసారి సోడా నీళ్ళు, ఆ తర్వాత రెండుసార్లు మంచినీళ్ళు. సోడా మిగిలిపోతే దాని మీద ఏదీ సరిగ్గా పట్టదు. ప్లైవుడ్ పలకని మాత్రం తడిగుడ్డతో తుడిచి వదిలేశాను, నానితే అంచులు ఉబ్బుతాయి. ప్రయోగం కోసం కుడి తలుపు కింద మూల అరచేతి మేర కడక్కుండా ఉంచాను. దాని సంగతి తర్వాత చెప్తాను.

బయటివైపుకి ఏమీ కాలేదు. జిడ్డు పోయి నిగనిగలాడింది. అదే నీళ్ళతో లోపలివైపు ఒక్కసారి తుడిచాను. రెండు నిమిషాల్లో చెక్క చేతికి బంకలా తగిలింది, మీద తెల్లటి పొర. గుండె జారిపోయింది. ముట్టుకోకూడదన్న వైపే పాడుచేశానని నా టెన్షన్. గబగబా మంచినీళ్ళతో తుడిచి, తలుపు గోడకి తిప్పి నిలబెట్టి, అత్తయ్యగారు అటు రాకుండా టీ పెట్టిచ్చాను.

అదే రోజు సాయంత్రం

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. వయసులో ఉండగా పాలిష్ పని చేసేవారు, ఇప్పుడు కంటిచూపు తగ్గి మానేశారు. బాబాయ్‌గారూ ఒక్కసారి వచ్చి చూడండి అంటే వచ్చారు. చూడలేదు, గోరుతో గీశారు. వాసన చూశారు. తర్వాత స్పిరిట్ ఉంటే కాస్త దూదికి తడిపి ఇమ్మన్నారు.

లోపలివైపు దూది అద్ది లెక్కపెడుతూ ఉంటే పదిహేను దాటేసరికి దూది గోధుమరంగుకి తిరిగింది, వేలికి అంటుకుంది. బయటివైపు అదే దూది నిమిషంసేపు రుద్దినా ఏమీ రాలేదు. “లోపల స్పిరిట్ పాలిషమ్మా. బయట కూడా అడుగున అదే ఉంటుంది. మీద ఎవరో ఆయిల్ వార్నీషు లాగించేశారు” అన్నారు.

అప్పుడు అర్థమైంది. స్పిరిట్ పాలిష్ అంటే లక్క. చపడా అని అమ్మే లక్క రేకుల్ని స్పిరిట్‌లో కరిగించి గుడ్డ ఉండతో పొరలు పొరలుగా పట్టించేది. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, సోడాలాంటి క్షారం తగిలినా కరుగుతుంది. అందుకే నా చాకలి సోడాకి లోపలివైపు బంకబంకగా అయింది. ఆయిల్ వార్నీషు గట్టిపడ్డాక స్పిరిట్‌కి లొంగదు. ఒకే తలుపు, రెండు ముఖాలు, రెండు వేర్వేరు పూతలు. దుకాణంలో రెండిటినీ “వార్నీషే కదా మేడమ్” అనేస్తారు.

పాత చెక్కకి రంగు వేద్దామనుకునేవాళ్ళు ఎవరైనా మొదట చెయ్యాల్సింది ఈ దూది పరీక్ష. స్పిరిట్‌కి కరిగితే లక్క. స్పిరిట్‌కి కరక్కుండా ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌కి చప్పున కరిగితే లాకర్ అనే పూత. రెండిటికీ చలించకపోతే ఆయిల్ వార్నీషో పీయూనో (పాలీయురేథేన్ పూత) అయ్యుంటుంది. రెండు రూపాయల దూది ముక్క, ఐదు నిమిషాల పని. నేను కడగడం అయ్యాక చేశాను, అది నా తెలివి.

లక్క గురించి ఒక మాట. ఇది చెట్టు జిగురు కాదు, పురుగు చేసే పదార్థం. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు రసం పీల్చి తమ చుట్టూ కట్టుకునే గూడు. దీని మీద పరిశోధనకి 1924లోనే రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో ఒక సంస్థ పెట్టారు. మనకి ఇంత దూరం కూడా అక్కర్లేదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిమెన (లేత్) మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని అదిమి పట్టి బొమ్మలకి పూసేది ఇదే లక్క. తిరిగే వేడికి కరిగి కర్రకి పట్టేస్తుంది. వేడికి కరుగుతుందన్న ఆ ముక్క నాకు ముందే తట్టి ఉంటే తర్వాతి శనివారం ఐదు ఎమెరీ పేపర్లు మిగిలేవి.

సోడా తగిలిన లోపలి పొరని బాబాయ్‌గారే స్పిరిట్ గుడ్డతో నాలుగు సార్లు సాఫీగా లాగి సరిచేశారు. చెక్క మళ్ళీ తేనెరంగుకి వచ్చింది. అత్తయ్యగారికి ఈ సంగతి ఇప్పటికీ తెలీదు.

మంగళవారం నుంచి శుక్రవారం

ప్రయోగం. రంగుల దుకాణంలో కుర్రాడు “డైరెక్టుగా కొట్టేయండి మేడమ్, ఏం కాదు” అన్నాడు. మా ఆయన కూడా అదే పాట. సరే, ఏమవుతుందో చూద్దామని కుడి తలుపు కింద మూలలో అగ్గిపెట్టంత గళ్ళు మూడు టేపుతో కట్టాను. మొదటిది కడక్కుండా వదిలిన చోటు. రెండోది కడిగింది, రుద్దలేదు. మూడోది కడిగి, 180 నంబరు ఎమెరీ పేపర్‌తో (నంబరు పెరిగేకొద్దీ గరుకు సన్నం) మెరుపు చచ్చేదాకా రుద్దింది. మూడిటికీ ఒకే ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత), ఒకే బ్రష్షు, ఒకే రోజు. ఆరాక చూస్తే మూడూ ఒకేలా ఉన్నాయి. తెల్లగా, నున్నగా. మోసం ఇక్కడే. వేసిన రోజు ఎవరి పనైనా బాగానే కనిపిస్తుంది.

మూడు రోజులు ఆగి, కొత్త బ్లేడుతో ఒక్కో గడిలో నిలువుగా ఆరు, అడ్డంగా ఆరు గీతలు గీశాను. చిన్న చిన్న గళ్ళు పడ్డాయి. వాటి మీద బ్రౌన్ టేపు అదిమి అంటించి, ఒక్క లాగు. పెయింటు ల్యాబుల్లో ఈ పరీక్షకి ఐఎస్ఓ 2409 అని నంబరే ఉంది. వాళ్ళ దగ్గర కొలతగా గీసే కట్టరుంటుంది, నా దగ్గర షేవింగ్ బ్లేడు.

మొదటి గడి పాల మీద మీగడలా టేపుకి మొత్తం వచ్చేసింది. కింద వార్నీషు చెక్కుచెదరకుండా మెరుస్తోంది, దాని మీద ఎప్పుడూ ఏమీ వెయ్యనట్టు. రెండో గడిలో దాదాపు సగం ఊడింది. మూడోదాంట్లో గీతలు కలిసే చోట రెండు పొడిరేణువులు తప్ప ఏమీ రాలేదు. మొదటి గడి టేపు ముక్క తీసుకెళ్ళి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. మా ఆయన పాలు తీస్తూ చూసి, ఏమీ అనలేదు.

గట్టిపడిన వార్నీషు గాజులాంటిది. రంగు పట్టుకోవడానికి దాని మీద ఒక పట్టు ఉండాలి. ఎమెరీ గీతలే ఆ పట్టు. జిడ్డు మీద రుద్దితే జిడ్డుని ఆ గీతల్లోకి కూరినట్టు, అందుకే కడగడం ముందు, రుద్దడం తర్వాత.

రెండో శనివారం

రుద్దుడు. దీని గురించి రాయడానికి పెద్దగా ఉండదు గానీ మొత్తం పనిలో సగం ఇదే.

చెక్క దిమ్మెకి పేపరు చుట్టి, నార వెంటే. మొదట 120, తర్వాత 180, చివర 220. వార్నీషు పూర్తిగా ఊడగొట్టాలని లేదు, మెరుపు పోతే చాలు. ఎక్కడ పోయిందో ఎక్కడ పోలేదో కళ్ళతో చూస్తే తెలీదు. ఫోను టార్చి వెలిగించి తలుపుకి ఆనించి పక్కనుంచి వేస్తే, రుద్దని చోట్లు చేప పొలుసుల్లా తళుక్కుమంటాయి. పలకల చుట్టూ ఉన్న నగిషీ అంచుల్లో అన్నీ పొలుసులే. పేపరు మూడు మడతలు పెట్టి గోటితో నొక్కి రుద్దాల్సి వచ్చింది.

హ్యాండిల్ కింద ఒక చోట ఆయిల్ పొర అరిగి, అడుగున ఉన్న లక్క బయటపడింది. అక్కడ పేపరు ఉన్నట్టుండి జారడం మొదలెట్టింది. తిప్పి చూస్తే గరుకంతా పూడిపోయి గోధుమరంగు పూసల్లా ముద్దలు. రుద్దిన వేడికి లక్క మెత్తబడి పేపరుకి ఎక్కేసింది. ఏటికొప్పాక తరిమెన మీద జరిగేదే ఇక్కడ తిరగబడి జరిగింది. గట్టిగా రుద్దితే ఇంకా ఎక్కుతుంది. చెయ్యి తేలిక చేసి, నాలుగు లాగులకోసారి పేపరుని పాత టూత్‌బ్రష్‌తో దులిపితే కాస్త నయం. మొత్తం 14 పేపర్లయ్యాయి, ఐదు గంటలు పట్టింది. ఆషాఢం కదా, గోరింటాకు పెట్టుకోవాల్సిన వేళ్ళకి లక్క పండింది.

మా ఆయన గ్రైండర్‌కి బిగించే రుద్దుడు చక్రం తెచ్చి, పనిలో పని వంటింటి కిటికీకి ఉన్న పాత ఆకుపచ్చ ఎనామిల్ కూడా లేపేద్దామన్నారు. వద్దన్నాను. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు కొట్టిన రంగులో ఎంత ఉందో ఎవరికి ఎరుక. దాన్ని పొడి పొడిగా లేపి వంటింట్లో గాల్లో కలపడం కంటే ఆ కిటికీ ఆకుపచ్చగా ఉండడమే మేలు. ఎప్పుడైనా చేస్తే నీళ్ళ ఎమెరీతో తడిపి రుద్ది, ఆ బురద గుడ్డతో ఎత్తి పారెయ్యాలి. వార్నీషు దుమ్ముకి కూడా నేను మాస్కు పెట్టుకునే రుద్దాను. సాయంత్రానికి మాస్కు బయటివైపు టీపొడి చల్లినట్టుంది.

రెండో ఆదివారం

వాన. కన్నాలు పూడ్చే లప్పం పెట్టాను, అంతే. పాత గొళ్ళెం కన్నాలు రెండు, చెద తిన్న చట్రం అంచు ఒకటి.

మూడో శనివారం

దుమ్ము దులిపి, టేకు మీద థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడిచి, ప్రైమర్ వేశాను. టేకు చెక్కలోనే సహజంగా నూనె ఉంటుంది, చేవ తేలిన చోట అది పైకొచ్చి రంగుని సరిగ్గా పట్టనివ్వదు. అందుకే ఆ తుడుపు. ప్రైమర్‌ని మా వైపు మేస్త్రీలు అస్తరు అంటారు. నేను నీళ్ళది తీసుకున్నాను, ఇంట్లో వాసన ఉండదని.

వేసిన గంటకి అంతా తెల్లగా బ్రహ్మాండంగా ఉంది. ఫోటో తీసి మా చెల్లికి పంపాను. భోజనం చేసి వచ్చేసరికి పలక అంచుల దగ్గర, రుద్దుడులో చెక్క బయటపడిన చోటల్లా టీ ఒలికినట్టు మరకలు. ఇంకో కోటు వేశాను. సాయంత్రానికి దాని మీదకీ వచ్చాయి. టేకులో ఉన్న రంగుపదార్థాలు నీళ్ళలో నాని, ప్రైమర్ ఆరుతున్నకొద్దీ తడితోపాటే పైకి ఎక్కుతున్నాయి. అలా పది కోట్లు వేసినా పదోదానికీ ఎక్కుతాయి. తప్పు ప్రైమర్‌ది కాదు, నీళ్ళ ప్రైమర్‌ని ఉట్టి టేకు మీద వేసిన నాది.

హ్యాండిల్ చుట్టూ ఇంకో విడ్డూరం. ప్రైమర్ అక్కడ పరుచుకోకుండా చిన్న చిన్న గుంటలుగా విడిపోయింది, దోసె పెనం మీద నూనె ఎక్కువైతే పిండి జారినట్టు. ఎన్నేళ్ళ చేతి జిడ్డో అది, చెక్క నారలోకి ఇంకి ఉంది.

అత్తయ్యగారు వచ్చి చూశారు. “నే చెప్తే విన్నావా” అంటారనుకున్నాను. అనలేదు. “దానికి ఇష్టం లేదేమోనే” అన్నారు. అది ఇంకా బాధగా అనిపించింది.

తర్వాతి వారం

బాబాయ్‌గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఆయన నవ్వి, “లక్క మీద లక్క వెయ్యమ్మా. అది దేన్నైనా పట్టుకుంటుంది, దేన్నీ పైకి రానివ్వదు” అన్నారు. టేకు రంగు నీళ్ళకి కరుగుతుంది గానీ ఎండిన లక్క పొరని దాటి రాలేదు. జిడ్డు మీద కూడా లక్క మిగతావాటికంటే మెరుగ్గా నిలబడుతుంది.

50 గ్రాముల చపడా, 400 మి.లీ. స్పిరిట్, ఒక గాజు సీసా. రాత్రి వేసి అప్పుడప్పుడు ఊపితే పొద్దున్నకి కరిగింది. కానీ వెంటనే వాడకూడదు. మామూలు లక్కలో కొద్దిగా మైనం ఉంటుంది. మైనం మీద రంగు నిలవదు. సీసా కదపకుండా రెండ్రోజులు ఉంచితే మైనం తెల్లగా మబ్బులా అడుక్కి దిగింది. పైనున్న తేరిన లక్కని, ఎర్రటి డికాషన్‌లా ఉన్నదాన్ని, పల్చటి గుడ్డలో వడగట్టుకున్నాను. స్పిరిట్ పెట్రోలులా అంటుకుంటుంది కాబట్టి ఈ పనంతా వసారాలోనే, అత్తయ్యగారు సంధ్యదీపం పెట్టకముందే.

మరకలు, గుంటలు ఉన్న ప్రైమర్‌ని 220తో రుద్ది దించేశాను. హ్యాండిల్ చుట్టూ థిన్నర్‌తో గుడ్డ మార్చి మార్చి, గుడ్డకి పసుపు రాకుండా అయ్యేదాకా తుడిచాను. తర్వాత లక్క ఒక కోటు. వేస్తుండగా ముసురు పట్టింది. పది నిమిషాల్లో పలక మీద తెల్లటి పొగమంచు. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు స్పిరిట్ చప్పున ఆవిరై చల్లబడి ఆ తేమని లోపలికి లాక్కుంటుంది, దాంతో లక్క పాలిపోతుంది. కంగారు పడలేదు, ఈ పాఠం అప్పటికే అయింది. గురువారం ఎండ కాసింది. స్పిరిట్ తడిపిన గుడ్డతో ఒక్కసారి తేలిగ్గా లాగితే మబ్బు విడిపోయింది.

శుక్రవారం రాత్రి దాని మీద మళ్ళీ ప్రైమర్. శనివారం పొద్దున తెల్లగా ఉంది. మధ్యాహ్నం తెల్లగా ఉంది. కుడి తలుపు పై పలకలో ముడి ఉన్న చోట మాత్రం పావలా బిళ్ళంత పసుపు. అక్కడొక్కచోటే లక్క రెండుసార్లు అద్ది, ప్రైమర్ అద్దాను.

ప్లైవుడ్ పలక ఇంత గొడవలో ఒక్కసారి కూడా పేచీ పెట్టలేదు. చవక చెక్కకి ఈ సుఖం ఉంది.

నాలుగో ఆదివారం, తర్వాతి రెండు సాయంత్రాలు

రంగు. మీగడరంగు, నీళ్ళ ఎనామిల్, మరీ అద్దంలా మెరవని రకం. ఆయిల్ ఎనామిల్ గట్టిదే, వంటింటి జిడ్డుకి తట్టుకుంటుంది. కానీ తెల్ల ఆయిల్ ఎనామిల్ వెలుతురు తక్కువున్న చోట త్వరగా పసుపెక్కుతుంది. మా వంటింటి సంగతి ముందే చెప్పాను.

320 పేపరుతో ప్రైమర్‌ని చేతికి నున్నగా తగిలేలా లాగి, తడిగుడ్డతో దుమ్ము తీసి, మొదలెట్టాను. ముందు నగిషీ అంచులు ఒక అంగుళం బ్రష్షుతో, వెంటనే పలక రెండంగుళాల బ్రష్షుతో, తర్వాత అడ్డపట్టీలు, చివర నిలువుపట్టీలు. ఈ వరసలో వేస్తే ఒకదాని మీద ఒకటి పడిన గీత చెక్క అతుకు దగ్గరే ఆగుతుంది, చూసేవాళ్ళకి అదీ పనితనంలాగే కనిపిస్తుంది. వేసిన రంగు మీదకి ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ బ్రష్షు పెట్టకూడదు. పెట్టాను. ఎడమ పై పలకలో చీపురు చారల్లా పడ్డాయి. మర్నాడు 320తో దించి సరిచేశాను.

రెండు కోట్లు చాలలేదు, మూడయ్యాయి. అర లీటరు డబ్బాలో అడుగున ఇంకా కాస్త మిగిలింది. మూడో కోటు మీద ఒక ఈగ వాలి ఆరు కాళ్ళ గుర్తులు వదిలింది. వదిలేశాను, కుడి తలుపు కింద, చీపురు నిలబెట్టే వైపు.

“ఆసుపత్రి బీరువాలా ఉంది” అన్నారు అత్తయ్యగారు. కానీ అప్పుడు కళ్ళజోడు లేకుండానే డబ్బాల మీద చీటీలు చదువుతున్నారు.

శ్రావణం, బుధవారం

ఎల్లుండి వ్రతం. చివరి కోటు వేసి ఒక్క రోజే అయింది. చేతికి ఆరినట్టే ఉంది. తలుపులు బిగించేశాం, బందులు పెన్సిల్ గుర్తుల ప్రకారం ఠక్కున కూర్చున్నాయి. సామాన్లు సర్ది, మూసి, గొళ్ళెం పెట్టి పడుకున్నాం.

గురువారం

పొద్దున్న ఉప్పు కోసం తలుపు లాగితే రాలేదు. ఇంకాస్త లాగాను. చిర్రుమని శబ్దం. రెండు తలుపులూ కలిసే అంచులో మూడు చోట్ల గోరంత గోరంత రంగు లేచి, ఇవతలి తలుపుది అవతలిదానికి అంటుకుని ఉంది.

నీళ్ళ రంగు ఆరడం వేరు, గట్టిపడడం వేరు. నీళ్ళు ఆవిరైపోతే చేతికి ఆరినట్టుంటుంది. లోపల రేణువులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి గట్టి పొర కావడానికి వారాలు పడుతుంది, కాకినాడ శ్రావణంలో ఇంకా ఆలస్యం. ఈలోపు రెండు రంగు ముఖాల్ని అదిమి ఉంచితే అవి ఒకటైపోతాయి. ఈ ముక్క డబ్బా వెనక చిన్నక్షరాల్లో ఉంది. గడువు గుర్తొచ్చి చదవలేదు.

ఏడుపొచ్చేలా ఉన్నా దగ్గరికెళ్ళి టార్చి వేసి చూశాను. లేచింది రంగు మాత్రమే. దాని కింద తెల్ల ప్రైమర్ చక్కగా ఉంది, గోరుతో గీకినా రాలేదు. మూడు చోట్లా అంతే. వార్నీషు ఎక్కడా కనబడలేదు. కింద పట్టు నిలబడింది, తొందరపాటు పైపొరదే. నిజం చెప్పాలంటే ఆ ప్రైమర్‌ని చూసి ఉప్పు సంగతి మర్చిపోయి కాసేపు అక్కడే నిలబడ్డాను.

320తో అంచులు దించి, మూడు చోట్లా డబ్బా అడుగు రంగు అద్దాను. ఆరాక ఆ అంచులకి కొవ్వొత్తి తేలిగ్గా రుద్దుతాను. ఇక దాని మీద ఎలాగూ రంగు వెయ్యం కదా, మైనం ఉన్నా ఫరవాలేదు. తలుపులు మాత్రం కనీసం మూడు వారాలు మూయకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను.

శుక్రవారం, వ్రతం

తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. మిగిలిన లక్కతో బుధవారమే లోపలివైపుకి ఒక పూత లాగాను, తేనెరంగులో మెరుస్తోంది. వాయనం తీసుకోవడానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ వంటింట్లోకి తొంగిచూసి, “టేకేనాండీ?” అంది. అత్తయ్యగారు లోపలివైపు చెయ్యివేసి, “మా వారు దగ్గరుండి చేయించారు” అన్నారు. బయటివైపు గోడకి ఆనుకుని ఉంది, ఎవరికీ కనబడలేదు.

ఐదు వారాల తర్వాత

బొటనవేలి గోరుతో అంచు నొక్కి చూశాను, గుర్తు పడలేదు. రెండు తలుపులూ ఒక రాత్రంతా మూసి పొద్దున్న తీశాను, చప్పుడు లేకుండా వచ్చాయి. హ్యాండిల్ దగ్గర పోపు నూనె మరక తడిగుడ్డకే పోయింది. ఈగ కాళ్ళు అలాగే ఉన్నాయి.

అత్తయ్యగారూ, ఇక తలుపులు మూసుకోవచ్చు, రంగు గట్టిపడింది అని చెప్పాను.

“ఇంకో నాల్రోజులు గాలి తగలనీ అమ్మాయ్” అన్నారు.